ఎంతుంది?

పొయ్యి మూతి కాడ నించి అరిచేవాడివి:
"ఎంతుందే వెంగీ?"
నేను అద్దానికి ముక్కు ఆనించి
టార్చి లోపలికి కొట్టి
పాదరసం ఎక్కడ ఆగిందో చూసి చెప్పేదాన్ని.
"తొంభై ఎనిమిది."
"సరిగ్గా చూడు."
"తొంభై ఎనిమిదిన్నర."
ఆ అర కోసం మనిద్దరికీ
ముప్పై రెండేళ్ల పోట్లాట.

జరుగుమల్లిలో అందరికీ నువ్వు మాలకొండయ్యవి.
పగలు నాకు ఉత్త "ఏమయ్యా"వి.
రాత్రి బ్యారన్ కాడ మాత్రం
పేరు పెట్టి పిలవమన్నావు,
పెళ్లయిన మొదటి మాఘంలోనే.
నాకు నోరు రాలేదు.
"నేను కునుకు తీస్తే ఎట్టా లేపుతావు మరి,
మంట తగ్గితే ఆకు నల్లబడి పోద్ది."
ముందు ఆకు కోసమే పిలిచాను.
పోను పోను
ఏ పనీ లేకపోయినా పిలిచాను.

చిల్లకంప మొద్దులు లోపలికి తోస్తా
పగలు చెప్పని మాటలు చెప్పేవాడివి.
మీ నాయన నిన్ను కొట్టిన కర్ర ఏ చెట్టుదో,
పదిలో లెక్కలు ఎందుకు పోయినాయో,
కొండపి వేలంలో మన బేళ్లకి నోబిడ్ రాసిన సాయంత్రం
పాలేటి వంతెన మీద
ఎంతసేపు నిలబడి వచ్చావో.
మీ అమ్మకి చెప్పలేదు. మీ అన్నకి చెప్పలేదు.
మర్నాడు కంచంలోకి చూసి
"బెండకాయా? నోబిడ్" అని పక్కకి జరిపావు.
పిల్లలు పడీ పడీ నవ్వారు.
నేను నీ చెప్పులకంటిన
ఏటి ఇసుక చూస్తా ఉన్నాను.

అరుగు మీద బొగ్గుతో పులీమేకా గీసేవాడివి.
నేను దొంగాట ఆడే ముందు
నువ్వు పొయ్యిలోకి తిరిగేవాడివి,
ఎగదోయాల్సిన కట్టె ఏదీ లేకపోయినా.
బర్రెను అమ్మినందుకు
తొమ్మిది రోజులు నీతో మాట్లాడలేదు, గుర్తుందా?
ఆ తొమ్మిది రాత్రులూ అంకె మాత్రం చెప్పాను.
అంకె చెప్పడం మాట్లాడటం కాదని
ఇద్దరం ఒప్పుకున్నాం.

క్రాప్ హాలిడే ఇచ్చిన ఏడు
చేలో ఒక్క మొక్క లేదు.
అయినా ఒక రాత్రి దుప్పటి భుజానేసుకొని
"పదవే" అన్నావు.
చల్లారిన పొయ్యి ముందు కూచొని
మామూలుగానే అరిచావు.
నేను మామూలుగానే లేచి వెళ్లి
"డెబ్బై నాలుగు" అన్నాను.
ఎంత నవ్వామంటే
పక్క బ్యారన్ కుక్క లేచి మొరిగింది.
అప్పులోళ్లు ఇంటి ముందు కూచున్న ఏడు అది.

ఒంగోలు రిమ్స్‌లో మూడో రోజు
నర్సమ్మ నీ చంకలో నించి థర్మామీటరు తీసి
కాగితం మీద రాసుకుంది.
కళ్లు తెరవకుండానే
"ఎంతుంది" అన్నావు.
ఆ పిల్లకి వినపడలేదు. నేను చెప్పాను,
"నూట రెండు."
"ఇంకా రంగు కట్టలేదే" అన్నావు.
మళ్లీ ఏమీ అనలేదు.

తొమ్మిది నెలలయింది.
"ఇంక చాల్లే, తేరుకున్నావుగా" అంటది మీ వదిన.
ఆమె ఏ రాత్రీ బ్యారన్ కాయలేదు.
ఆకు ముందే ఎండినట్టు కనపడుద్ది,
ముట్టుకుంటే గలగలమంటది.
ఈనె విరిచి చూడాలి,
చెవి దగ్గర పెట్టుకొని.
టప్‌మనకుండా వంగిందంటే
ఇంకా కట్టెలు కావాలి.

ఈ ఏడు బ్యారన్ హజరత్తయ్యకి కౌలుకిచ్చాను.
మంచోడే, డబ్బు ముందే ఇచ్చాడు.
అద్దం పక్కన డిజిటల్ మీటరు బిగించాడు.
ఎర్ర అంకెలు.
అరలు చూపించదు.

నిన్న రాత్రి వాడు అన్నానికి పోయినప్పుడు వెళ్లాను.
పొయ్యి బాగానే మండుతోంది.
పాత పాదరసం గొట్టం లోపలే ఉంది,
తీసెయ్యడం మర్చిపోయినట్టున్నాడు.
అద్దానికి ముక్కు ఆనించాను.
చాలాసేపు నిలబడ్డాను, ఎవరైనా అడుగుతారేమోనని.

మాలకొండయ్యా,
నూట పద్దెనిమిదిన్నర.