కళ్ళు రాసేదాని అభిప్రాయం

బాగుందా అని అడిగితే
బాగుందనే చెప్తాను ముందు.
అయిదు భాగాలూ చూసినదాన్ని నేను.
అయిదోది మొదటిరోజే, సెకండ్ షో,
మాధవమాల నించి తిరుపతికి
షేర్ ఆటోలో మోకాళ్ళు ముడుచుకోని పోయి.

మా గుణశేఖరు పక్క సీట్లో
తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.
పూటకి పది బొమ్మల మెడలు చెక్కే మనిషి
తెరమీద ఒక్క మెడ తిరిగేసరికి
నా గాజు పగిలేట్టు చెయ్యి పట్టినాడు.
నాకు భయం కాలేదు.
టికెట్ డబ్బులు ఎవర్ని అడగాల?

మొదటి గంట మాత్రం బంగారం.
బొమ్మ కుర్చీలో ఉంటాది, అంతే.
ఒకసారి చూస్తే గుమ్మం వైపు చూస్తా ఉండాది.
ఇంకోసారి చూసినా గుమ్మం వైపే,
కానీ ఈతూరి గుమ్మంలో మనం నిలబడి ఉండాము.
అది తీసినోడెవడో, వాడికి దండం.

ఆ పైన పాడు చేసినారు.
కళ్ళకింద నల్లరంగు, పెదిమ మీద పగులు,
ఎలకకున్నట్టు పళ్ళు.
ఏ తల్లి కొంటాది అట్టాంటిదాన్ని బిడ్డకి?
గోవిందరాజుల గుడి సందులో
సగం ధరకిచ్చినా తిరిగి చూడరు.
భయపెట్టాలంటే ముద్దుగా ఉండాల.
మొదటి భాగం తీసేటప్పుడు తెలుసు వాళ్ళకి,
డబ్బులొచ్చినాక మరిచిపోయినారు.

ఇంకొకటి.
నూరేళ్ళ బొమ్మంట, మీద ఒక్క పంటిగాటు లేదు.
మా ఇంట్లో ఎర్రచందనం బొమ్మ ఉండాది,
మా అమ్మ కొరికింది, నేను కొరికినాను,
నా కూతురు దాని ముక్కే తినేసింది.
ముక్కు లేకపోయినా ఎవురి బొమ్మో తెలిసిపోతాది.
ఆ సినిమా బొమ్మ ఎవురిదీ కాదు.
అద్దాల పెట్టెలోనే పుట్టినట్టుంది.

డబ్బింగు గురించి మాట్లాడను.
అమెరికా దెయ్యానికి బెజవాడ తెలుగు ఎట్ట వచ్చిందో!
"నిన్ను వదలను" అంటే
వార్తలు చదివినట్టే ఉండాది.
మా పక్క దెయ్యమైతే
"యాడికి పోతావు మే" అని
మెల్లగా అడిగుండేది.

ఇంటర్వెల్ అయినాక చర్చి ఫాదరొచ్చి
అంతా విప్పి చెప్పేస్తాడు.
ఎప్పుడో ఒకామె, ఆమె బిడ్డ, అగ్గి, శాపం.
చెప్పేసినాక ఇంకేముంది?
కరెంటు బిల్లు మాదిరి అర్థమైపోతాది.

మా అబ్బ చెప్పేవాడు:
కన్ను కడాన రాయాల,
రాసినాక గోడవైపు తిప్పి పెట్టాల.
ఎందుకబ్బా అంటే
రంగు ఆరేదానికి, అన్నాడు.
నేను సరే అనుకున్నాను.
పెండ్లయి, ముప్పైయేండ్లుగా కళ్ళు రాసి,
మొన్న ఒకరోజు కుంచె కడగతా ఉంటే తట్టింది:
రంగు ఆరేదానికి గోడెందుకు?
అడుగుదామంటే అబ్బ లేడు.
ఆ ఒక్క ముక్కలో ఉండే సినిమా
అయిదు భాగాల్లో లేదు.

ఆట ఇడిచేసరికి ఒంటిగంట.
ఏర్పేడు పక్క పొయ్యే బస్సు తెల్లారే.
బస్టాండులో యాత్రికులు వరసలుగా పండుకోని ఉండారు,
పెద్దోళ్ళు, ఆడోళ్ళు, పిల్లలు,
అన్నీ గుండ్లే, గుండ్లనిండా గంధం,
ట్యూబులైటు కింద పసుపుపచ్చగా,
మా షెడ్డులో రంగుకి ముందు
ఆరబెట్టిన సరుకు మాదిరి.
గుణశేఖరు టీ తెచ్చేదానికి పోయినాడు.
నేను ఊరికే లెక్కపెడతా ఉండాను.
ముప్పై నాలుగు, ముప్పై అయిదు,
ముప్పై ఆరోది రెండేళ్ళ బిడ్డ,
తల్లి చేతికింద నించి
కళ్ళు తెరిచింది.

ఏడవలేదు. కదల్లేదు.
ఎవరో ఇప్పుడే రాసి పొయినట్టు
ఇంకా తడిగా ఉండాయి ఆ కళ్ళు.

వెనక్కి తిరిగి నడిచే ధైర్యం లేక
బిడ్డని చూస్తానే, అడుగులు వెనక్కేసుకుంటా
టీ అంగడి దాకా వచ్చినాను.
"సినిమాకి ఇప్పుడు భయమైందా?" అని
నవ్వినాడు మా గుణశేఖరు.

ఆరో భాగం వచ్చే సంవత్సరమంట.
పోతాము.