గాలిరోజు తాడు

త్రియెస్తె ఊళ్ళో బోరా గాలి లేచే ముందు
కొండమీది కుక్కలు నోరు మూసుకుంటాయి.
మా నాయనమ్మ రోజుల్లో
వీధి మలుపుల్లో తాళ్ళు కట్టేవారట
నడిచేవాళ్ళు పట్టుకోడానికి.
గాలిని ఆపడానికి కాదు.
అలా ఎవరూ అనుకోలేదు కూడా.

మా తమ్ముడు ఎజిదియో గొడుగులు బాగుచేస్తాడు.
ఈ ఊళ్ళో ఆ పనికి కరువు లేదు.
గాలి వెళ్ళిపోయాక ప్రతి చెత్తడబ్బాలో
ఊచలు విరిగి, తలకిందులై
చచ్చిన కాకుల్లా గొడుగులు.

ముప్పై నాలుగో ఏట, ఫిబ్రవరిలో
వాడికి నిద్రతో పనిలేకుండా పోయింది.
ఆరు రాత్రులు
ఊరంతా తిరిగి విరిగినవన్నీ మోసుకొచ్చాడు.
మెట్లమీద, స్నానాల తొట్టిలో, నా మంచం కింద
మూడువందల పదకొండు.
ఏం చెయ్యాలో తోచక లెక్కపెట్టాను.
"నెవెంకా, వీటన్నిటినీ కలిపి కుడితే
ఊరంతటికీ ఒకే గొడుగు!"
ఎంత అందంగా చెప్పాడో.
ఒక్క క్షణం నేనూ నమ్మాను.
ఆ సంగతి డాక్టరుకి చెప్పలేదు.

ఏడోనాడు రేవుగట్టు చివర
ఒంటిమీద చొక్కా లేకుండా దొరికాడు,
సముద్రానికి కొలతలు తీస్తూ.

డాక్టర్ స్ట్రాంక పొట్టి మనిషి.
ఎప్పుడు చూసినా బూటులేసు ఊడే ఉంటుంది.
తెల్లటి మాత్ర బల్లమీద పెట్టి
"ఇది లిథియం. ఒకరకం ఉప్పు.
దీనికి మీ తమ్ముడెవరో తెలీదు.
వాళ్ళ నాన్న ఎలా పోయాడో తెలీదు.
అవి మనమే కూర్చుని అడగాలి.
వాడు కూర్చోగలిగేట్టు మాత్రం ఇది చేస్తుంది,
చేస్తే" అన్నాడు.
ఆ చివరి మాటకే ఆయన్ని నమ్మాను.

"మనసుకి మందేమిటే,
నాలుగడుగులు నడిచి నలుగురితో మాట్లాడితే పోదూ?"
అంది కింది వాటా బజ్జారా ముసలమ్మ,
తల వెనక్కి వాల్చి.
రోజూ సాయంత్రం ఆమె కళ్ళలో
చుక్కలమందు వేసేది నేనే.
రెండో కంట్లో కూడా వేసి ఊరుకున్నాను.

తగ్గింది.
తగ్గినవాటిలో కొన్ని తగ్గకూడనివి.
ఈల వెయ్యడం మానేశాడు.
కుండ తిరగేసినా తీరని దాహం.
మూడునెలలకోసారి మోచేతి మడతలో సూది.
"దీపం వత్తి కిందికి లాగేసినట్టుందే అక్కా.
ఇల్లు కాలదు, సరే.
చదువుకుందామంటే అక్షరం కనపడదు."

రెండో ఏడు శరదృతువులో
నాకు చెప్పకుండా మానేశాడు.
ఈల వినిపించినప్పుడు ముందు సంతోషించాను.
తర్వాత వంటగదిలోకి పరుగెత్తి సీసా బోర్లించాను.
ఆ రాత్రి ఒకరినొకరం అన్న మాటలు
ఇక్కడ రాయను.

మోతాదు తగ్గించారు, మళ్ళీ కొంచెం పెంచారు.
మంగళవారాలు పాత పిచ్చాసుపత్రి తోటలో,
ఇప్పుడక్కడ గులాబీలు వేశారు,
తనలాంటి తొమ్మిదిమందితో కూర్చుంటాడు.
ఏం మాట్లాడుకుంటారంటే
"ఎక్కువగా ఫుట్‌బాల్" అంటాడు.

చేతివణుకు మాత్రం ఉండిపోయింది.
సూదిబెజ్జం వాడికి అందదు.
పొద్దున్నే పనికి పోయేముందు
ఇరవై సూదుల్లో నల్లదారం ఎక్కించి
దిండుకి గుచ్చిపెడతాను.
సాయంత్రం వచ్చి చూస్తే
ఒక్కోరోజు అన్నీ ఖాళీ, ఒక్కోరోజు నాలుగే.
మొన్న ఇరవైఒకటోది కనిపించింది.
దారం ఎరుపు. ముడి వంకర.
ఎంతసేపు పట్టిందో అడగలేదు.

ఇవాళ కుక్కలు నోరు మూసుకున్నాయి.
వాడు లేచి కిటికీ గడియ పెట్టాడు,
రెండోసారి లాగి చూశాడు.
మాత్ర వేసుకున్నావా అని నోటిదాకా వచ్చింది.
అడక్కుండా ఉండడం నేనింకా నేర్చుకుంటున్నాను.

గ్లాసు అడుగున తడి ఉందేమోనని
చూశాను, అంతే.