గది చూపించే ముందు

ఖండ్వా బస్సులో వచ్చారు కదా,
కనుబొమ్మల మీద దుమ్ము చూస్తేనే తెలుస్తోంది.
కూర్చోండి. సంచీ గట్టు మీద పెట్టండి,
కింద పెడితే మా మేక పట్టీలు నములుతుంది.

ఓంకారేశ్వర్‌లో గదులకేం కరువు?
వంతెన అవతల, దీవి మీద,
గుడి మెట్లకు ఆనుకుని ఒకటుంది.
తెల్లవారకముందే గంట మీ దిండులోనే మోగుతుంది.
దేవుడికి దగ్గర, నిద్రకు దూరం.
ధర్మశాలలో పరుపుకొక లెక్క, దుప్పటికొక లెక్క,
పక్కవాడి గురక మాత్రం ఉచితం.
ఆనకట్ట వైపు కొత్త హోటల్లో ఏసీ ఉంది, లిఫ్టు ఉంది,
నర్మదమ్మను ఫొటో కట్టించి గోడకు తగిలించారు.
కిటికీ తీస్తే పార్కింగు.
మా మరిది కొడుకు హుకుం అక్కడే వాచ్‌మన్,
వాడి పేరు చెబితే వంద తగ్గిస్తారు.
చెప్పకపోయినా తగ్గిస్తారు.

ఇక నా గది.
ముందే చెప్పేస్తున్నా, తర్వాత నన్ననకండి.
ఫ్యాను తిరుగుతుంది, గాలి రాదు.
ఆ ఏడు వరద ఎంతెత్తు వచ్చిందో గోడ మీద చార ఉంది,
రెండుసార్లు సున్నం వేయించాను,
రెండుసార్లూ అది పైకి తేలింది.
అటక మీద మా ఆయన తెడ్లున్నాయి.
అమ్మమన్నారు చాలామంది. వానాకాలం తారు వాసన వేస్తాయి,
అది మీరు భరించాలి.
సైరన్ మోగితే కంగారు పడకండి,
ఆనకట్ట తలుపులెత్తుతున్నారని అర్థం.
స్నానానికి దిగి ఉంటే మాత్రం
కంగారు పడండి.

నాసిక్ నుంచి ఒక వకీలు గారొచ్చి
వాస్తు అంటూ మంచాన్ని మూడుసార్లు తిప్పించాడు.
నాలుగోసారి కోడు విరిగింది.
అదిగో, ఇటుక పెట్టాను.

కార్తీకం పోయాక ఒకావిడ వచ్చింది.
మండ్లా వైపు గోండు మనిషి, పేరు సుకవారో.
తెల్లచీర, చేతికర్ర, మెడలో చిన్న సీసాలో నదినీళ్లు.
పరిక్రమకు బయల్దేరిందట. గది చూపించాను, చూడలేదు.
అద్దె అడగలేదు. ఒక్కటే అడిగింది:
"పడుకుంటే నది ఏ చేతి వైపు ఉంటుంది?"

ఇన్నేళ్లుగా అద్దెకిస్తున్నాను,
అలా ఎవరూ అడగలేదు.

అరుగు మీద తనే చాప పరుచుకుంది,
తల తూర్పుకి, కుడిచెయ్యి నీళ్ల వైపు.
అవతల గుడి దీపాలు కనిపిస్తూనే ఉన్నాయి,
కేకేస్తే పలికేంత దూరం.
పడవలో దింపుతానక్కా, డబ్బులొద్దు అన్నాను.
నవ్వింది.
"దాటకూడదమ్మా. చుట్టి రావాలి."
సముద్రం దాకా ఈ ఒడ్డున,
సముద్రం నుంచి వెనక్కి ఆ ఒడ్డున,
మొదలుపెట్టిన చోటికి చేరాకే
మళ్లీ వచ్చి ఆ మెట్లెక్కుతుందట.
కాళ్లు చూశాను. మడమలు
ఎండిన చెరకు గెడల్లా పగిలి ఉన్నాయి.

నేనో,
పడవవాళ్లింట పుట్టి పడవవాళ్లింట పడ్డదాన్ని.
ఉప్పుకి దాటాను, పెళ్లికి దాటాను,
రెండో కాన్పు నొప్పుల్లో దాటాను,
టీపొడి మర్చిపోయి వెనక్కొచ్చి మళ్లీ దాటాను.
ఒక్క ఒడ్డునే ఉండిపోవాలంటే
ఎంత గట్టిగా పట్టుకోవాలో
నాకెలా తెలుస్తుంది?

పొద్దున లేచేసరికి లేదు.
చాప చుట్టి పెట్టి ఉంది,
అరుగంతా ఊడ్చి ఉంది.
చెప్పకేం, ఆ రాత్రి నేనూ అక్కడే పడుకున్నాను,
తల తూర్పుకి పెట్టి, కుడిచెయ్యి అటు చాచి.
ఏమీ తెలియలేదు.
చెయ్యి చల్లబడింది, అంతే.

సరే, రండి.
తాళం కాస్త పైకెత్తి తిప్పాలి, మొండిది.
ఇటుక జాగ్రత్త.
మంచం ఎటు లాగమంటారు?