ఫ్యాన్లు ఆగితే లేచే బిడ్డ

విడవలూరు దాటినాక తారు రోడ్డు అయిపోద్ది.
ఆపైన గట్టే దారి.
అటొక రొయ్యల గుంట, ఇటొక రొయ్యల గుంట,
నడిమధ్య నా స్కూటీ.
సంచిలో స్ప్రింగు తక్కెడ, థర్మామీటరు,
ఉతికి ఎండేసిన మెత్తటి గుడ్డ ఒకటి.

కాపలా గుడిసెకు తలుపు లేదు,
మేతసంచులు కుట్టిన పరదా.
కుక్క నన్ను చూసి మొరగడం మానేసింది,
మూడోసారి గదా రావడం.

"శీనమ్మా, యాడుండావు మే?"

లోపల్నించి ఏడుపు రాలేదు.
నా భయమంతా అదే.
గుక్కపట్టే బిడ్డను ఎత్తుకోను అందరూ ఉంటారు,
ఊరకే నిద్రపోయే బిడ్డ కోసం
నేను మూడు గట్లు మారి రావాల.

పుట్టినప్పుడు కేజీ ఎనిమిది వందలు.
మొదటిసారి నేనొచ్చినప్పుడు
అత్త పోలమ్మ ఉగ్గుగిన్నెలో చక్కెరనీళ్ళు కలిపి
దూదితో పిండతా ఉండాది.
"పాలు పడలేదమ్మా, గొంతు తడవాల్నా వొద్దా?"

నేను అరవలేదు.
నా పెద్దదానికి ముర్రుపాలు పిండి
మునగచెట్టు మొదట్లో పోసింది మా అమ్మే.
తెలియని చేతులు
తప్పును ఎంత ప్రేమగా చేస్తాయో నాకు తెలుసు.

అదే ఉగ్గుగిన్నె కడిగి, మరగబెట్టి,
శీనమ్మ ఒళ్ళో పెట్టినా.
"ఇట్టా కాదు, వేళ్ళు వెనక్కి. మెల్లిగా. నొక్కు."
ఆ పిల్లకు పంతొమ్మిదేళ్ళు.
గిన్నె అడుగున పసుప్పచ్చగా
ఒక చుక్క, ఇంకో చుక్క.
"ఇంతేనా అక్కా?" అంది, ఏడుపు మొహంతో.
"దాని పొట్ట ఉసిరికాయంత.
నువ్వు బిందె నింపబళ్ళేదు."

"నువ్వు తిన్నావా?" అంటే మాత్రం
కట్టెల పొయ్యి వైపు చూసింది.
పత్యమంట. కారంబువ్వంట.
పక్కనే లారీలకెత్తేంత రొయ్య,
బాలింత పళ్ళెంలో ఎల్లిపాయ కారం.
పోలమ్మతో ఆరోజు గట్టిగానే మాట్లాడినా.

బిడ్డను రొమ్ముల మధ్య కట్టుకోమన్నా,
చర్మానికి చర్మం, మీద చీరె.
"రాత్రి నువ్వు పడుకుంటే వాళ్ళ నాయన కట్టుకోవాల."
చెంచురామయ్య సిగ్గుతో బయటికి పోబోయినాడు.
"మగోడి రొమ్మా అక్కా?"
"వెచ్చదనానికి ఆడా మగా ఏందబ్బయ్యా?"

చదువు రాదు గానీ అతనికి తూకం వచ్చు.
వారానికోసారి వల ఇసిరి, పిడికెడు రొయ్యను తూచి,
కేజీకి ఎన్నో లెక్కేసి గుంటాయనకు ఫోన్ చేస్తాడు.
వారానికి రెండు గ్రాములు పెరిగితే గుంటాయనకు పండగ.
"నీ బిడ్డ రోజుకు ముప్పై పెరగాల" అంటే
కాసేపు వేళ్ళు మడిచి నవ్వినాడు.
"ఐతే నా బిడ్డే మేలు."

ఆ ఇంట్లో జోలపాట ఏరియేటరుది.
పగలూ రాత్రీ నీళ్ళు కొడతా ఉండే ఫ్యాన్ల హోరు.
లోకంలో పిలకాయలు చప్పుడుకు లేస్తారు,
ఈ పిల్ల చప్పుడు ఆగితే లేస్తాది.
కరెంటు పోతే
గుంటలో రొయ్యలు గాలి కోసం పైకి,
గుడిసెలో ఇది కెవ్వున.

మొన్న రాత్రి పోయిందంట.
బిడ్డ అతని రొమ్ముకు కట్టుండాది.
ముడి ఇప్పను టైము లేదు.
ఒక చెయ్యి దాని తలకు అడ్డంపెట్టి
చీకట్లో గట్టెంబడి పరుగు.
జనరేటరు హ్యాండిలు తిప్పి తిప్పి
ఫ్యాన్లు కదిలేదాకా అది ఏడ్చిందంట,
ఊరంతా వినబడేట్టు.

ఇద్దరూ తలొంచుకోని చెప్పినారు,
తిడతానని.

తక్కెడ తగిలించినా.
గుడ్డలో బిడ్డ కాళ్ళు తన్నుకుంటా ఊగింది.
ముల్లు ఊగి, ఊగి, నిలబడింది.
రెండు కేజీల నలభై.
ముల్లు దగ్గరికి మొహం పెట్టి
ముందు చదివింది చెంచురామయ్యే.

"హ్యాండిలు తిప్పేటప్పుడు దాని మెడ జాగర్త" అన్నా, అంతే.

రిజిస్టరులో ఆ పరుగు రాసేదానికి గడి లేదు.
"బిడ్డ వెచ్చగా ఉంది" అనే చోట
టిక్కు పెట్టినా,
కాగితం చిరిగేంత గట్టిగా.