అరవై మూడు శాతం దగ్గర

బోట్స్‌ఫ్యోర్డ్ రేవులో
పడవ తాళ్లు విప్పేముందు
తోర్గిల్స్ ఒక పలక తెచ్చాడు.
"ఇందులో మూడు వందల పుస్తకాలున్నాయి" అన్నాడు.
నేను వంటవాణ్ణి. నమ్మేముందు తూచి చూస్తాను.
ఉప్పు డబ్బా కంటే తేలిక.

అంతకుముందు మాకొక పెట్టె ఉండేది.
పైన బంగాళాదుంపలని రాసి ఉంటుంది, లోపల పుస్తకాలు.
చేతులు మారి మారి, చెమ్మకు ఉబ్బి,
పొంగిన రొట్టెల్లా ఉండేవి.
పుట పుటకీ ఎవరిదో కాఫీ కప్పు అడుగు,
ఎవరో గుర్తుకి పెట్టుకున్న కాడ్ చేప పొలుసు.
ఆఖరి పేజీలు మాత్రం ఉండేవి కావు.
వాటితో పొయ్యి రాజేసిందెవరో ఎవరూ ఒప్పుకోలేదు.
(నేనే. ఇప్పుడు చెప్పినా పర్వాలేదు.)

పలకతో మొదట బాగుపడింది హాల్వార్.
ఇంజిన్ గదిలో ముప్పై ఏళ్లు.
కళ్లజోడు సముద్రానికిచ్చి చదువు మానేసినవాడు.
అక్షరాన్ని పెంచుకుంటూ పోయాడు,
బఠాణీ గింజంత, తర్వాత ఉల్లిపాయంత.
పుటకు తొమ్మిదే మాటలు పట్టేవి.
తొమ్మిది మాటలు, ఒక నొక్కు. తొమ్మిది మాటలు, ఒక నొక్కు.
నొక్కినప్పుడల్లా తెర నల్లగా కన్నార్పేది.
పిస్టన్ల మోతను మించి గట్టిగా చదివేవాడు,
ఇంజిన్‌కి వినపడాలన్నట్టు.
ఆ చలికాలం ఇంజిన్ ఒక్కసారీ మొరాయించలేదు.
నేనేమీ తేల్చి చెప్పడం లేదు.

నవంబరు చివర అక్కడ సూర్యుడు సెలవు పెడతాడు.
రెండు నెలలు పగలన్నది మాటవరసకే.
పై పడకలో ఒకడి నిద్ర చెడకుండా
కింద పడకలో ఇంకొకడు చదువుకునేంత వెలుగు,
ఫోను వెలుగులా కళ్లలో ఇసుక పోయదు.
వారాల తరబడి చార్జింగ్ అడగదు.
ఇంత పొదుపరి పడవలో ఇంకెవరూ లేరు,
కెప్టెన్‌తో సహా.

కానీ పదకొండు మందికీ కలిపి దానికి ఒకటే జ్ఞాపకం.
ఆఖర్న ఎవడు మూస్తే వాడి చోటే గుర్తు.
నేను తొమ్మిదో శాతంలో ఆపిన కథ
ఐవిన్ చేతి నుంచి డెబ్బైలో తిరిగొచ్చేది.
చావాల్సినవాడు అప్పటికే చచ్చి ఉండేవాడు.
పెట్టె రోజుల్లో అయితే
పదకొండు మందికి పదకొండు పొలుసులు.

ఇంకొకటి. తడి చేతిని అది ఎరగదు.
మా పనిలో పొడి చెయ్యి ఎవడికుంది?
తొడుగుతో నొక్కితే రాయి,
వట్టి వేలితో నొక్కితే చేపనూనె.
ముక్కుతో తిప్పడం నేర్చుకున్నాం.
గడ్డాలు పెరిగిన మగాళ్లు
ఒకరి తర్వాత ఒకరు ముక్కుతో పొడుస్తుంటే
మా అత్త కోళ్ల గూడు గుర్తొచ్చేది.

ఫిబ్రవరిలో ఒకరోజు
వద్దన్నా వినక తోర్గిల్స్ దాన్ని డెక్కు మీదికి తెచ్చాడు.
ఒక అల ఊరికే తలెత్తి చూసింది.
తెర మీద నాలుగు చుక్కలు.
పుటలు వాటంతటవే కదిలాయి,
రెండు, ఏడు, ఇరవై.
వేలు లేదు, ముక్కు లేదు.
సముద్రం చదువుకుంటూ పోతోంది,
మాకంటే వేగంగా,
తర్వాతేమవుతుందో దానికంత ఆత్రం.
అరవై మూడు శాతం దగ్గర ఆగింది.
అక్కడేముందోనని తోర్గిల్స్ వంగాడు.
పడవా వంగింది.

ఇప్పుడది భోజనాల గదిలో మేకుకి వేలాడుతోంది.
పై సగమంతా పగుళ్లు, బూడిదరంగు గీతలు.
కింది సగంలో ఏడు పంక్తులు.
ప్రాణం పోయి రెండేళ్లు,
అక్షరం ఒక్కటీ చెదరలేదు,
చలిగాలికి ఎండగట్టిన చేపలా బిగుసుకుని ఉన్నాయి.
ఒకామె తలుపు దాకా వస్తుంది.
గొళ్లెం మీద చెయ్యి వేస్తుంది.
వెనక్కి తిరిగి,

ఆ కామా తర్వాత ఏమైందో
పదకొండు మందికీ పదకొండు రకాలుగా తెలుసు.
హాల్వార్ లెక్కలో తలుపవతల ఎవరూ లేరు.
ఐవిన్ లెక్కలో ఆమెకి పెళ్లయింది, అదీ వాడితోనే.

నిన్న ఒక కొత్త కుర్రాడు చేరాడు.
సంచిలో కొత్త పలక.
నాలుగు వేల పుస్తకాలట, నీళ్లలో పడ్డా ఏమీ కాదట.
గోడ వంక చాలాసేపు చూసి
"ఆ కథ ఇందులో ఉందేమో వెతకనా?" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు.
నేను వాడి గిన్నెలో ఇంకో గరిటె చేపల చారు పోసి
ముందిది తినమన్నాను.