సార్ / మేడం గారికి

సెలవు చీటీలో కొట్టివేత మరిచిపోతారు.
"గౌరవనీయులైన సార్ / మేడం గారికి" -
ఆ అడ్డగీతకు ఏ పక్కన నిలబడాలో
నాకే వదిలేస్తారు.

ఇరవై రెండేళ్లుగా తార్నాకలో బస్సు దిగి
రాళ్ల గురించి పాఠం చెబుతున్నాను.
హాజరు పిలిస్తే "ఎస్ సార్" అంటారు,
నాలిక కరుచుకుని "సారీ సార్... మేడం" అంటారు.
వాట్సాప్‌లో "హాయ్ మ్యామ్", పక్కనే దండం పెట్టే చేతులు.
ఇంటర్నల్ మార్కుల వారంలో
ఆ చేతులు ఆరు జతలవుతాయి.

జర్మనీలో చదివొచ్చిన కొత్త లెక్చరర్
"నన్ను పేరు పెట్టి పిలవండి" అన్నాడు.
పాపం, సెమిస్టరంతా అతన్ని
"నిశాంత్ సార్" అన్నారు.

నా తలుపు మీద హైమవతి అని ఉండేది.
'హై' ఊడిపోయి మూడేళ్లు.
మవతి మేడం ఎక్కడుంటారని
ఒక కుర్రాడు నన్నే అడిగాడు.
"ఇప్పుడే బయటికెళ్లింది" అన్నాను.

జూలైలో తాండూరు నుంచి మొగులమ్మ వచ్చింది.
రెండో రోజే లేచి నిలబడి
"నువ్వు జెప్పింది తప్పు మేడం" అంది.

నేను బాపట్ల దాన్ని.
మా ఇంట్లో అయిదేళ్ల మేనల్లుణ్ణి కూడా
"మీరు" అని బుజ్జగించి అన్నం పెడతాం.
ఆ "నువ్వు" ముందు తగిలింది.
"తప్పు" అన్న మాట
చాలాసేపటికి గానీ వినపడలేదు.

"బండల పొర కండ్లకు దొర్కది మేడం,
తట్టి ఇనాలె. మా నాయిన గట్లనే ఇంటడు" -
బల్ల మీది నాపరాతి పలక ఎత్తి
వేలి కణుపుతో రెండుచోట్ల కొట్టింది.
ఒకచోట గంట. ఇంకోచోట కుండ.
పుస్తకంలో నేనెప్పుడూ వినని రెండు చప్పుళ్లు.

వెనక బెంచీ కిసుక్కుమంది.
పక్క పిల్ల కొంగు లాగినట్టు చున్నీ లాగి
"మీరు అనాలె" అని గొణిగింది.
"మస్తు మందుంటె మీరు.
ఆమె ఒక్కతే గదా!"

నిజమే, ఒక్కదాన్నే.
ఆ మాట నేను గట్టిగా అనాల్సింది.
హాజరు పట్టీ మూసి, గంట కొట్టారా అని చూశాను.

దసరా సెలవుల తర్వాత వచ్చింది,
నూనె రాసిన జడ, కొత్త చెప్పులు,
కొత్తగా నేర్చుకున్న మాట.
"మీరు చెప్పినట్టే మేడం."
"మీ ఇష్టం మేడం."
కారిడార్‌లో నన్ను చూస్తే గోడకు అంటుకుపోతుంది.
స్టాఫ్‌రూంలో అందరూ అన్నారు,
పిల్ల బాగా మారింది, పద్ధతి వచ్చిందని.

నిన్న కావాలనే అన్నాను,
తాండూరు నాపరాయి అగ్నిశిల అని.
సుద్దముక్క పట్టుకుని ఆగాను.
ఫ్యాను తిరుగుతోంది. పెన్నులు కదులుతున్నాయి.

మూడో బెంచీలో మొగులమ్మ
తల వంచుకుని
రాసుకుంది.