ఇవాళ చేతులకు సెలవు

సూపు గిన్నెలు ఇంకా తీయనే లేదు,
ఫెరుచ్చో మామయ్య అప్పుడే గొంతు సవరించుకున్నాడు.
ఆ సవరింపు నాకు తెలుసు.
త్రియెస్తేలో ఏ బాప్తిస్మం విందుకెళ్ళినా
దాని వెనకాలే వచ్చే మాటా తెలుసు:
"మన ఎజీడియో ఉన్నాడుగా!
ఏదీ, ఒక్కటి. చిన్నది."

చిన్నదనే అంటారు ఎప్పుడూ.
చిన్నదానికి ఎన్ని రాత్రులు పడతాయో
మా ఇంటి అద్దానికి తప్ప ఎవరికీ తెలీదు.

బల్ల చుట్టూ పదకొండు మంది.
ద్రాగో ఓడరేవులో క్రేను నడుపుతాడు,
ఉప్పు గిన్నె ఎత్తి చూపించమని అతన్నెవరూ అడగరు.
జోర్కా నోటరీ ఆఫీసులో ముద్రలు వేస్తుంది,
రొట్టె మీద ఒక ముద్ర వేయమ్మా అని ఆమెనెవరూ అనరు.
నన్ను మాత్రం
అరచేతిలో వైకుంఠం అడుగుతారు,
అదీ సూపుకీ చేపకీ మధ్య.

తప్పు నాదీ ఉందిలే.
పంతొమ్మిదేళ్ళప్పుడు అడక్కుండానే చేసేవాణ్ణి.
పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు
ఎక్కడికెళ్ళినా జేబులో పేక.
కొండెక్కే ట్రాములో, తనిఖీకి వచ్చినాయన
చెవిలోంచి నా టికెట్టు తీసిచ్చి
జరిమానా కట్టాను.
ఆ రోజుల్లో వద్దనేది వాళ్ళు.

కాదనడం కూడా ఒక విద్యే.
"పేక ఇంట్లో మరిచాను" అనకూడదు:
వెంటనే ఏ సొరుగులోంచో జిడ్డు పేక ఒకటి వస్తుంది,
యాభై ఒక్క ముక్కలది.
"అలసిపోయాను" అనకూడదు:
అలసటను పొగరని చదువుకుంటారు.
నవ్వాలి. గ్లాసు పైకెత్తాలి.
"నిన్న రాత్రే ఒక పావురం రాజీనామా ఇచ్చింది,
దాని జీతం లెక్క తేలేదాకా పని బంద్" అనాలి.
నవ్వుతారు.
నవ్వేవాళ్ళ కళ్ళు నవ్వించేవాడి ముఖం మీదే ఉంటాయి.
కనికట్టులో మొదటి పాఠం అదే.

నా కుడిచేతిలో గ్లాసు, ఎర్రగా, నిబ్బరంగా.
ఎడమచేయి ఎక్కడని ఎవరూ అడగలేదు.

బల్ల కింద ఉంది.
జనవరి నుంచీ దాని ఉంగరపు వేలు
నా మాట వినడం లేదు.

బయట బోరా.
ఆ గాలి లేస్తే పట్టుకు నడవడానికి
ఒకప్పుడు వీధుల్లో తాళ్ళు కట్టేవారు.
కిటికీలు వణుకుతాయి, వాటినెవరూ తప్పుపట్టరు.
నా వేలు గాలి లేని రోజు కూడా వణుకుతుంది.
నాణేన్ని దాచాల్సిన వేలు.
ముప్పై ఏళ్ళు ఎవరి కంటా పడని నాణెం
మొన్న ఖాళీ గదిలో, నా కళ్ళముందే,
టంగుమని రాలి మంచం కిందికి దొర్లిపోయింది.
ఇంకా వెతకలేదు.

"బెట్టు చేస్తున్నాడు" అన్నాడు ఫెరుచ్చో.
"టీవీలో కనపడ్డాక ఇంతే" అంది ఇంకెవరో.
అననీ.
పొగరుబోతన్న పేరుకి డాక్టరు చీటీ అక్కర్లేదు.
యాభై ఒక్క ముక్కలూ చేతులు మారి మారి
నా పళ్ళెం పక్కకొచ్చి ఆగాయి.
అందరూ ఒక్కసారి నిశ్శబ్దం.
ఈ నిశ్శబ్దం కోసమే ఒకప్పుడు
అన్నం మానేసి సాధన చేశాను.

అప్పుడు లేచింది నెరీనా.
మా వదిన. దర్జీ.
కుట్టు వదిలిన చోటుని పదడుగుల దూరం నుంచే పట్టేస్తుంది.
రొట్టెల బుట్ట తెచ్చి
సరిగ్గా పేక మీద పెట్టింది.
"నా ఇంట్లో అతిథి చేత పని చేయించను" అంది.
ఏమీ చూడనట్టే వచ్చి నా ఎడమ పక్కన కూర్చుంది.
కూర్చుంటూ బల్లగుడ్డ అంచుని
నా మోకాలి మీదికి ఇంకొంచెం లాగింది.

ఒక్కరూ గమనించలేదు.
అంత శుభ్రమైన చేతివాటం
ఇన్నేళ్ళలో నేను చేసిందీ లేదు, చూసిందీ లేదు.

చేప వచ్చింది. ఫెరుచ్చో
తన మోకాలి ఆపరేషను కథ మొదలుపెట్టాడు.
బుట్టలోంచి ఒక రొట్టె కుడిచేత్తో తీసుకున్నాను.
విరవడానికి రెండో చేయి కావాలి.
కాసేపు దాన్ని అలాగే పట్టుకు కూర్చున్నాను.